నూతుల మీద ఎర్ర గీత కొట్టారు. పూడ్చాలా, బాగుచేసుకోవాలా?

సరిహద్దు వీధి
మాది ఒడిశా సరిహద్దు జిల్లాలో ఓ చిన్న మున్సిపాలిటీ. ఊరి పేరు రాయను, సగం మందికి నేను తెలుసు. వానలు పడ్డాక మా వీధిలో నలుగురికి పచ్చకామెర్లు వచ్చాయి. పోయిన వారం మున్సిపాలిటీ వాళ్లొచ్చి పదకొండు నూతుల నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు. మూడో రోజుకల్లా పదకొండింటి గట్ల మీదా ఎర్ర గీత కొట్టి, తాగొద్దని ఒడియాలో రాసి పోయారు. ఏ నూతిలో ఏముందో ఎవరికీ కాగితం ఇవ్వలేదు. మా నాన్నమ్మకు ఒడియా చదవడం రాదు, ఆ పూటే చేద వేసింది.

ఇప్పుడు కౌన్సిలర్ గారు నూతులన్నీ పూడ్చేద్దాం, ఇంటింటికీ కుళాయి ఇస్తాం అంటున్నారు. ఉన్న కుళాయిలోనే నీళ్లు పొద్దున గంట సేపు వస్తాయి. మీరేమంటారు?

కుళాయి పక్షం
పూడ్చేయండి. 2022 జూలైలో రాయగడ జిల్లా కాశీపూర్ వైపు వాంతులు, విరేచనాలతో మనుషులు పోయారు. నీళ్లలో కలరా క్రిమి దొరికింది. 2007లోనూ ఆ కొండల్లో ఇదే గోల. ఇంకెంతమంది పడకేయాలి?

అటు ఉద్దానం సంగతి చూడండి. కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. తేలేదాకా ఆగారా? హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపులేసి నీళ్లు తెచ్చారు, 2023 డిసెంబర్‌లో ప్రారంభించారు. అనుమానం ఉంటే చాలు, ముందు మంచినీళ్లు ఇవ్వాలి. పరీక్ష కాగితాల కోసం పోట్లాట తర్వాత.

నూతిగచ్చు
అన్నా, ఉద్దానంలో ముందు నీళ్లు తెచ్చారు. ఇక్కడ ముందు నుయ్యి పూడ్చి, తర్వాత కుళాయి చూద్దామంటున్నారు. తేడా అక్కడే ఉంది.

నేను అడిగేది ఒకటే. నూతిలోకి చెడు ఎక్కణ్ణుంచి వచ్చింది? నూతికీ మరుగుదొడ్డి గుంతకీ మధ్య కనీసం 50 అడుగులు ఉండాలని ప్రజారోగ్య పుస్తకాల్లో రాసుంటుంది. మన ఇళ్ల వెడల్పే 20 అడుగులు. మా గుంత పక్కింటి నూతికి దగ్గర, వాళ్ల గుంత మా నూతికి దగ్గర. వానాకాలం నీటిమట్టం పైకొస్తే రెండూ కలిసిపోతాయి. నుయ్యి పూడిస్తే గుంత ఎక్కడికీ పోదు కదా.

ఇక కుళాయి. గంట నీళ్లు వదిలి 23 గంటలు కట్టేస్తే పైపులో ఒత్తిడి ఉండదు. ఆ పైపు మురిక్కాలవలో నుంచి పోతుంది, ఎక్కడో ఒకచోట జాయింటు కారుతుంటుంది. ఒత్తిడి లేనప్పుడు అదే కంతలోంచి మురుగు లోపలికి దిగుతుంది, మర్నాడు మొదటి బిందెలో మనింటికే వస్తుంది. దానికి తోడు సగం ఇళ్లవాళ్లు కుళాయికి టుల్లు మోటారు బిగించి లాగుతారు (మా ఇంట్లోనూ ఉండేది, ఒప్పుకుంటున్నా). 2021లో పూరీలో కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చన్నారంటే అక్కడ 24 గంటలూ వదులుతున్నారు, పైపు ఖాళీ అవదు. మనకూ అలా ఇస్తే నా నుయ్యి నేనే పూడ్చుకుంటా.

ఇంకొకటి. నీళ్ల వల్ల వచ్చే కామెర్లలో హెపటైటిస్-ఇ (E) రకమైతే తాగిన రెండు నుంచి పది వారాలకు బయటపడుతుంది. ఆ నలుగురూ అప్పుడు తాగింది నూతి నీళ్లా, కుళాయి నీళ్లా, పెళ్లి భోజనాల దగ్గరి డ్రమ్ము నీళ్లా? ఎవరైనా అడిగారా? కుళాయి నీళ్లు సీసాలో పట్టారా?

కుళాయి పక్షం
పట్టలేదనే అనుకుంటా. సరే, అది తప్పే. కానీ నీ 24 గంటల నీళ్లు వచ్చేలోపు ఇంకో నలుగురికి వస్తే? గర్భిణులకు ఆ హెపటైటిస్-ఇ ఎంత ప్రమాదమో తెలుసా?

రెండో కోడలు
తెలుసండీ, మా ఇంట్లో ఏడో నెల మనిషి ఉంది. అందుకే తాగే నీళ్లు కాచి చల్లారుస్తున్నాం. కానీ గంట కుళాయిలో మా వంతుకు ఎనిమిది బిందెలు పడతాయి. ఆరుగురి స్నానాలు, బట్టలు, దొడ్డి కడుక్కోవడం అన్నీ దాంతోనే అంటే ఎలా? నీళ్లు చేదేది మేం, పూడ్చమని సంతకాలు పెట్టేది మగాళ్లు. తాగొద్దన్నారు, తాగం. బట్టలకైనా నుయ్యి ఉండనివ్వండి.

పాత మాస్టారు
అమ్మా, కాచడం మంచిదే, క్రిములు చస్తాయి. నైట్రేట్ (మురుగు నుంచి నీళ్లలోకి దిగే లవణం) ఉంటే మాత్రం కాచినా పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. గుంతల పక్క నూతుల్లో ఇదీ చూడాలి. అందుకే పరీక్ష కాగితం అడగాలి, చెడు ఎక్కణ్ణుంచి వచ్చిందో ముందు తేల్చమంటున్నాడు నూతిగచ్చు. అందులో నాకు తప్పు కనపడలేదు.

ఈలోపు రెండు పనులు చేయండి. హెచ్‌టూఎస్ సీసా (నీళ్లలో మలం కలిసిందేమో చూసే పరీక్ష సీసా) తెచ్చుకుని, దాని మీదున్న గీత వరకు నీళ్లు పోసి వెచ్చని చోట పెట్టండి. ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే మలం కలిసిందని అనుమానించాలి. రెండోది నాగపూర్‌లోని 'నీరి' అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్ల జోడు కుండల పద్ధతి. కిలో బ్లీచింగ్, రెండు కిలోల గరుకు ఇసుక కలిపి చిన్న కంత ఉన్న కుండలో పోసి, దాన్ని ఇంకో కంత కుండలో దించి మూతి కట్టి, నీటిమట్టానికి మూడడుగుల కింద వేలాడదీయాలి. 4500 లీటర్ల ఇంటి నూతికి రెండు మూడు వారాలు పనిచేస్తుంది. బ్లీచింగ్ కొత్తది కొనండి, నెలల తరబడి గోనెలో ఉన్నది సున్నంతో సమానం.

కుళాయి పక్షం
మాస్టారూ, మూడు వారాలకోసారి ఎవరు మారుస్తారు? మొదటి నెల అందరూ చేస్తారు, దసరా దాటాక ఎవరికీ గుర్తుండదు. నా మాట మీద నేనున్నా.

సరిహద్దు వీధి
సీసాలు దొరికాయి. మా నూతి నీళ్లు రాత్రికి రాత్రే నల్లబడ్డాయి. వెనకింటి వాళ్లవి రెండు రోజులైనా రంగు మారలేదు, ఎర్ర గీత మాత్రం రెండు గట్ల మీదా ఉంది. కుళాయి నీళ్లు కూడా ఒక సీసాలో పోశాను. అది కూడా నల్లబడింది. మూడు సీసాలూ సంచిలో పెట్టుకుని సోమవారం మున్సిపాలిటీకి వెళ్తున్నా, కుళాయి పక్షం అన్నా, మీరూ వస్తారా? గట్టు మీద తెలుగులో కూడా "తాగొద్దు" అని రాశాను. నాన్నమ్మ చదివి, అక్షరాలు వంకరగా ఉన్నాయంది.