అప్‌డేట్: వుజూ నిలిచిందా లేదా అన్న అనుమానం

నమాజు మధ్యలో వుజూ (నమాజుకు ముందు ముఖం, మోచేతుల దాకా చేతులు, కాళ్లు కడుక్కుని పొందే శుద్ధి) పోయిందేమోనన్న అనుమానంతో పదేపదే కుళాయి దగ్గరికి వెళ్తున్నానని, ఏం చేయాలని అడిగిన గుంటూరు వాసిని నేనే. మీలో కొందరు సూచించినట్లు మా పేట మసీదు ఇమాం సాబ్‌ను కలిశాను. అపానవాయువు శబ్దం వినిపిస్తేనో వాసన తెలిస్తేనో తప్ప నమాజు వదిలి వెళ్లవద్దన్న ప్రవక్త మాట బుఖారీ, ముస్లిం అనే హదీసు (ప్రవక్త మాటలు, చేతల) గ్రంథాలు రెండింటిలోనూ ఉందని, కాబట్టి వుజూ చేసిన సంగతి ఖాయంగా తెలిసినప్పుడు, పోయిందన్నది కూడా అంతే ఖాయంగా తెలిసేదాకా అది నిలిచే ఉంటుందని ఆయన వివరించారు. మూత్రం చుక్క పడిందేమోనన్న బెంగకు, శుభ్రం చేసుకున్నాక లోదుస్తుల మీద కాసిన్ని నీళ్లు చిలకరించుకుని, తర్వాత తడి కనిపించినా ఆ నీళ్లదేననుకొమ్మన్నారు (చుక్కలు ఆగని జబ్బున్నవారి సంగతి వేరట). నాకు బాగా పనికొచ్చింది మాత్రం కుళాయి కట్టేసి చెంబుతో వుజూ చేయమన్న సలహాయే. మోచేయి తడిసిందా అని మళ్లీ చూసుకోవడం ఇంకా పూర్తిగా పోలేదు గానీ, జమాత్‌లో (అందరూ కలిసి చేసే నమాజులో) మొదటి రకాతు (నమాజులో ఒక ఆవృత్తి) ఇప్పుడు అందుతోంది.