మన వార్డు హెల్త్ సెంటర్ వైద్యం బాగుందో లేదో ఏం చూసి చెప్పాలి?

మద్దిలపాలెం వాసి: మా అర్బన్ హెల్త్ సెంటర్ పనితీరు మీద కాలనీ సంఘం తరఫున రాసి ఇవ్వాలి. ఏమేం చూడమంటారు?

రిటైర్డ్ నర్సు: ముందు బీపీ ఎలా చూస్తున్నారో చూడండి. ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి. వీపు ఆనాలి, పాదాలు నేలకి ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. చేతికి చుట్టే పట్టీ, అదే కఫ్, దాని లోపలి గాలి సంచి చేతి చుట్టుకొలతలో 80 శాతం చుట్టుకోవాలి. లావు చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ కనబడుతుంది.

గాజువాక 22: అదేటండి, పొద్దున్న వెళ్లినోళ్లు మధ్యాహ్నానికి బయటపడుతున్నారు. క్యూ సంగతి చెప్పరేటి?

ఫార్మసిస్ట్, గోపాలపట్నం: చీటీలు చూడండి. జనరిక్ పేరు (కంపెనీ పేరు కాదు, మందు అసలు పేరు), ఎన్ని ఎంజీ, రోజుకెన్నిసార్లు, ఎన్ని రోజులు, నాలుగూ ఉండాలి. మామూలు జలుబుకి యాంటీబయాటిక్ రాశారంటే తప్పే. పిల్లల నీళ్ల విరేచనాలకి ఓఆర్ఎస్‌తో పాటు 14 రోజులు జింక్ లేకపోతే అది సగం వైద్యమే.

ఎంవీపీ కాలనీ: టీకాల ఫ్రిజ్ మర్చిపోకండి. 2 నుంచి 8 డిగ్రీలు ఉండాలి, రోజుకి రెండుసార్లు చూసి చార్టులో రాయాలి. నెలంతా ఒకే పెన్ను, ఒకే 4 అంకె కనబడితే కూర్చుని ఒక్కసారే నింపేసినట్టే. పిల్లలకి ఐదు జబ్బులకి వేసే పెంటావాలెంట్ టీకా గడ్డకడితే పనికిరాదు, పైకి తేడా తెలీదు కూడా. ఇక వేడి తగిలి పాడైందేమో తెలియాలంటే సీసా మీది గుర్తులో లోపలి చదరం బయటి వలయం కన్నా తెల్లగా ఉందో లేదో చూడండి.

గాజువాక 22: నర్సమ్మ గారూ, ఐదు నిమిషాల చొప్పున 80 మందికి 400 నిమిషాలు. అయ్యే పనేనా?

రిటైర్డ్ నర్సు: లెక్క తప్పు బాబూ. పది మందిని ఒకేసారి బెంచీ మీద కూర్చోబెట్టొచ్చు. ఆ ఐదు నిమిషాలు మీ క్యూలోనే గడుస్తాయి.

గాజువాక 22: మీకు బెంచీ, కఫ్ తప్ప మనుషులు కనబడరు!

రిటైర్డ్ నర్సు: తప్పు కొలత నమ్మి బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ 5 ఎంజీ నుంచి 10కి పెంచేస్తే కళ్లు తిరుగుతాయి, కాళ్లు వాస్తాయి. తొందరగా పంపి ఏం లాభం?

గాజువాక 22: క్యూ చూసి వెనక్కి పోయినోడికి కొలతే లేదు కదమ్మా! సగం రోజు కూలి పోగొట్టుకుని ఎవడొస్తాడు? మీరు లోపలికొచ్చినోళ్ల సంగతి చెప్తున్నారు, నేను రానోళ్ల సంగతి అడుగుతున్నాను.

రిటైర్డ్ నర్సు: అది ఒప్పుకుంటాను. కానీ దానికి ఇంకో డాక్టరు కావాలి. ఉన్న డాక్టరుకి మార్కులు కోస్తే సరిపోదు.

ఎంవీపీ కాలనీ: ఎన్‌క్వాస్ అని ప్రభుత్వ ఆసుపత్రుల జాతీయ నాణ్యతా ప్రమాణాలు ఉన్నాయి. ఆ మదింపులో మార్కులు సెంటరుకే, డాక్టరుకి కాదు. సర్టిఫికెట్‌కి 70 శాతం రావాలి. రోగుల్నీ అడుగుతారు.

మద్దిలపాలెం వాసి: బుధవారం టీకాలప్పుడు వెళ్లి ఫ్రిజ్ చార్టు, కఫ్ రెండూ చూస్తాను.

గాజువాక 22: టోకెను తీసుకున్న టైము, డాక్టరు ముందు కూర్చున్న టైము కూడా రాయండి. ఎంతమంది మధ్యలో లేచిపోయారో లెక్కపెట్టండి.