కార్తేజ్ బిషప్పు సిప్రియన్ అజ్ఞాతవాసం: పిరికితనమా, కాపరి బాధ్యతా?

ప్రశ్న:
క్రీ.శ. 250లో రోమన్ చక్రవర్తి డేషియస్ ప్రజలందరూ దేవతలకు బలి అర్పించాలని శాసించినప్పుడు, రోమా బిషప్పు ఫాబియన్ జనవరిలోనే హతసాక్షి అయ్యాడు. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ బిషప్పు సిప్రియన్ మాత్రం నగరం విడిచి దాక్కున్నాడు. మందను వదిలి వెళ్లిన వ్యక్తిని ఆదర్శ కాపరి అని ఎలా అనగలం?

సమాధానం:
సోదరా, ఈ అభియోగం ఆ రోజుల్లోనే వచ్చింది. తోడేలును చూసి పారిపోయే జీతగాని మాటను గుర్తుచేస్తూ రోమా సంఘ పెద్దలే కార్తేజ్‌కు లేఖ రాశారు. తనను అప్పగించాలని జనం పదేపదే కేకలు వేస్తున్నందున, తాను అక్కడే ఉంటే అల్లరి పెరిగి విశ్వాసులందరికీ ముప్పు వస్తుందని భావించి, ప్రభువు ఆజ్ఞ ప్రకారమే వెళ్లానని ఆయన జవాబిచ్చాడు. అప్పటివరకు సంఘానికి రాసిన పదమూడు లేఖలను సాక్ష్యంగా చూపాడు. ‘మరియొక పట్టణమునకు పారిపోవుడి’ అన్న మత్తయి సువార్త 10:23 మనకూ తెలిసినదే. చెరలో ఉన్నవారికి, పేదలకు ఆయన తన సొమ్ము పంపుతూనే ఉన్నాడు.

ప్రతివాదం:
లేఖల సంగతి ఒప్పుకుంటాను. కానీ కార్తేజ్‌లోనే మప్పాలికస్ చిత్రహింసలకు ప్రాణాలు విడిచాడు. అలాంటివారి సిఫార్సుతో, బలి అర్పించి పడిపోయినవారు తిరిగి సంఘంలో చేరబోతే, దాక్కున్న బిషప్పు ‘ఆగండి’ అనడం న్యాయమా?

సమాధానం:
మీ మాటలో బలమున్న చోటు ఇదే. హింసను భరించినవారి పక్కన ఆయన మాట అప్పట్లో తేలికగా వినిపించి ఉంటుంది. అయినా ఆయన తలుపు మూయలేదు. తాను తిరిగి వచ్చాక, 251లో జరిగిన బిషప్పుల సభ బలి అర్పించకుండా, అర్పించినట్టు ధ్రువపత్రం మాత్రమే కొన్నవారిని ఒక్కొక్కరిగా విచారించి చేర్చుకోవాలనీ, బలి అర్పించినవారు దీర్ఘకాలం పశ్చాత్తాపంలో ఉండాలనీ, మరణావస్థలో వారినీ తిరిగి సంఘంలో చేర్చుకోవాలనీ నిర్ణయించింది. కొద్దికాలానికే మరో హింస ముంచుకొస్తుందని తోచినప్పుడు, పశ్చాత్తాపంలో ఉన్నవారందరినీ చేర్చుకున్నారు. పిరికివాడు తన తప్పు కప్పుకోవడానికి చేసే పని ఇది కాదని నా దృఢమైన అభిప్రాయం.

ఇక ఆయన చివరి రోజులు చూడండి. వాలేరియన్ చక్రవర్తి కాలంలో కురూబిస్ పట్టణానికి ప్రవాసం వెళ్లి వచ్చిన తరువాత, 258లో తనను ప్రొకాన్సల్ (రోమన్ గవర్నరు) ఉన్న యుటికా నగరానికి తీసుకుపోవడానికి మనుషులు వస్తున్నారని తెలిసి ఆయన మళ్లీ తప్పుకున్నాడు. బిషప్పు తన సొంత నగరంలో, తన ప్రజల మధ్యే సాక్ష్యమివ్వాలన్నది ఆయన చెప్పిన కారణం. ప్రొకాన్సల్ కార్తేజ్‌కు రాగానే పట్టుబడి, సెప్టెంబరు 14న అక్కడే ఖడ్గానికి తల వంచాడు. 250 నాటి నిర్ణయాన్ని తప్పుపట్టేవారు దీనిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.