అప్‌డేట్: పాప దవడ ఎక్స్‌రే రిపోర్ట్, రెండో డాక్టర్ అభిప్రాయం

మా పాపకి 13 ఏళ్లు. ఏఎన్‌బీ కోణం (రెండు దవడల మధ్య ముందువెనకల తేడా చూపే కొలత) 5 డిగ్రీలు వచ్చిందని, పైదవడ కిందిదవడ కంటే ముందుకు ఉందని, పెద్దయ్యాక సర్జరీ పడొచ్చని ఒక క్లినిక్‌లో అన్నారని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. మీరు చెప్పినట్టే ఇంకో ఆర్థోడాంటిస్ట్‌కి (పళ్ల వరస, దవడలు సరిచేసే డాక్టర్) చూపించాం.

ఆవిడ ఎక్స్‌రే మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి మా ముందే గీశారు. ముక్కు మొదట్లో ఉండే నేజియన్ బిందువు నుంచి రెండు దవడలకూ గీతలు గీస్తే, మధ్యలో వచ్చేదే ఏఎన్‌బీ. ఆ నేజియన్ కాస్త వెనక్కి ఉంటే, దవడలు సరిగ్గానే ఉన్నా కోణం పెరిగిపోతుందట. 2 డిగ్రీలు నార్మల్ అన్నది 1953లో అమెరికాలో స్టైనర్ అనే ఆర్థోడాంటిస్ట్ ఇచ్చిన లెక్క. అక్కడి తెల్లవాళ్ల ముఖాలకు కుదిరిన అంకెతో మన పిల్లలకి లోపం ఉందని తేల్చేయడం నాకైతే అన్యాయంగా అనిపించింది.

తర్వాత దవడల తేడానే ఇంకోలా చూసే విట్స్ కొలత తీశారు. జోహానెస్‌బర్గ్‌లోని విట్‌వాటర్స్‌రాండ్ యూనివర్సిటీ పేరు మీద వచ్చిన పద్ధతి, 1975 నాటిది. పళ్లు కలిసే గీత మీదకి రెండు దవడల బిందువుల నుంచి నిలువు గీతలు దించి, మధ్య దూరం చూస్తారు. ఆడవాళ్లకి నార్మల్ 0 మిల్లీమీటర్లు. పాపకీ 0 వచ్చింది! ఆ పళ్ల గీత వాలుని బట్టి ఇదీ మారుతుంది కాబట్టి, దాని మీద ఆధారపడని బీటా కోణం అనే మరో దవడల కొలత కూడా చూశారు: 30 డిగ్రీలు. 27 నుంచి 35 లోపు ఉంటే సరే అట.

ముందుకొచ్చింది పై పళ్లు మాత్రమే. వచ్చే నెల క్లిప్పులు వేస్తారు. సర్జరీ మాట లేదు, మా టెన్షన్ తగ్గింది.