12 వోల్టుల బ్యాటరీకీ రౌటరుకీ మధ్య ఏమి పెట్టాలి?

గుణుపురం రేడియో: గాలివాన వస్తే ఇక్కడ కరెంటు పోతుంది, దానితో పాటే రౌటరూ ఆరిపోతుంది. 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంది. రౌటరుకు 12 వోల్టులు కావాలి. మధ్యలో 7812 (12 వోల్టులు ఇచ్చే రెగ్యులేటరు చిప్పు) పెడితే సరిపోతుందా? 6 వోల్టుల రేడియో కూడా దీనితోనే నడపాలని ఉంది.

పర్లాకిమిడి టంకం: సరిపోదండీ. 7812 నుంచి 12 రావాలంటే లోపలికి 14 పైనే ఇవ్వాలి. మీ బ్యాటరీ నిండుగా ఉన్నా 12.7 దాటదు, వాడేకొద్దీ దిగుతుంది. ఛార్జరు మీద ఉంటే 14.4 దాకా ఎక్కుతుంది. 12 అన్నది పేరుకే! తక్కువైతే పెంచి, ఎక్కువైతే తగ్గించే బక్-బూస్ట్ మాడ్యూలు కొనండి. ఉత్త బక్ తగ్గించడమే తప్ప పెంచదు. దుకాణంలో రెండూ ఒకేలా కనిపిస్తాయి, అడిగి తీసుకోండి.

రాయగడ మిత్రుడు: ఇంత హంగామా ఎందుకు? నేను నేరుగా తగిలించాను. హాయిగా నడుస్తోంది.

పర్లాకిమిడి టంకం: నడవొచ్చు. చాలా రౌటర్ల లోపల మరో రెగ్యులేటరు ఉంటుంది. కానీ దాని ముందున్న కెపాసిటరు మీద 16 వోల్టులని ఉంటే 14.4కి మిగిలే వెసులుబాటు ఎంత? మూత విప్పి చూశారా?

సిరోంచ నుంచి: రేడియోకి మాత్రం బక్ మాడ్యూలు వద్దు. ఎల్‌ఎం2596 (బక్ మాడ్యూళ్లలో ఉండే చిప్పు) సుమారు 150 కిలోహెర్ట్జ్‌లో స్విచ్ అవుతుంది. 154.5 దగ్గర ఆడిందంటే ఆరో గుణిజం సరిగ్గా 927, అంటే విశాఖ ఆకాశవాణి మీదే. వార్తలకు బదులు ఈల వినాలి. ఎల్‌ఎం317 పెట్టండి, అది స్విచ్ అవ్వని రెగ్యులేటరు చిప్పు, ఈల వేయదు. అవుట్‌పుట్ కాలుకీ అడ్జస్ట్ కాలుకీ మధ్య 240 ఓములు, అడ్జస్ట్ నుంచి నెగటివ్‌కి 910. ఆ రెండు కాళ్ల మధ్య చిప్పు నిలిపే 1.25 వోల్టులని 4.79తో (1 + 910/240) హెచ్చవేస్తే దాదాపు 6. రేడియో 100 మిల్లీఆంపియర్లు లాగినా వేడి 0.7 వాట్లే, వేడి లాగేందుకు చిన్న రేకు చాలు.

గుణుపురం రేడియో: మరి రౌటరు మాడ్యూలు ఈల వేయదా?

సిరోంచ నుంచి: వేస్తుంది. దాన్ని రేడియోకి దూరంగా పెట్టి, తీగలకు ఫెరైట్ రింగు తొడగండి.

రాయగడ మిత్రుడు: మూత విప్పాను. కెపాసిటరు మీద 25 అని ఉంది. ఇప్పుడేమంటారు?

పర్లాకిమిడి టంకం: మీది గట్టిదే, ఒప్పుకున్నాను! గుణుపురం వారిదీ అంతేనని ఎవరు చెప్పగలరు? బ్యాటరీ ప్లస్ దగ్గరే ఫ్యూజు వేశారా లేదా, అది చెప్పండి ముందు.

రాయగడ మిత్రుడు: రేపు వేస్తాను.