ఫంక్ ఘనత ఎవరిది: జేమ్స్ బ్రౌన్‌దా, వెనక వాయించినవాళ్ళదా?

తాళంచెవి:
‘ఫంకీ డ్రమ్మర్’ మళ్ళీ విన్నాను. అమెరికన్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ 1969లో సిన్సినాటిలో రికార్డు చేసిన పాట. దరువే ప్రాణమైన ఫంక్ సంగీతం. ఒకచోట బ్రౌన్ అందర్నీ ఆపేసి డ్రమ్ములు ఒక్కటే మోగనిస్తాడు. ఆ కాస్త దరువు కోసుకెళ్ళి ఎన్ని హిప్‌హాప్ పాటలు కట్టారో, పబ్లిక్ ఎనిమీ బృందంతో సహా! వాయించింది బ్రౌన్ బ్యాండ్‌లోని డ్రమ్మర్ క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్. రచయితగా పేరు బ్రౌన్ ఒక్కడిదే. అలా కోసుకున్న ముక్కల (శాంపిళ్ళ) రాయల్టీ క్లైడ్‌కి దక్కలేదు. మరి ఫంక్ పితామహుడు ఎవరు?

రికార్డుపెట్టె:
1970 మార్చిలో బ్రౌన్ బ్యాండ్ తిరగబడి వెళ్ళిపోయింది తెలుసా? బ్రౌన్ సిన్సినాటి నుంచి కుర్రాళ్ళను విమానంలో రప్పించి ఆ రాత్రే వేదికెక్కించాడు. వాళ్ళలో బేస్ గిటార్ వాయించే బూట్సీ కాలిన్స్‌కి అప్పుడు 18 ఏళ్ళు. మరుసటి నెలకే ‘సెక్స్ మెషీన్’ పాట తయారు. మనుషులు మారినా ఊపు మారలేదంటే ఆ ఊపు ఎవరిదండీ?

తాళంచెవి:
అందరూ మారలేదు సార్. డ్రమ్ముల దగ్గర జాబో స్టార్క్స్ ఉండిపోయాడు. మీరు చెప్పిన పాటలో కొట్టింది ఆయనే.

మృదంగం వెంకట్:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. మొదటి దెబ్బ మీద అందరూ కలిసి పడాలి, ఆ తర్వాత ఎవరిష్టం వాళ్ళది. బ్రౌన్ బూట్సీకి నేర్పింది ఇదే. మన సమం లాంటిదే అనుకోండి. ఆ ఊహ ఆయనదే. కానీ ‘కోల్డ్ స్వెట్’ (1967) పుట్టుక చూడండి. కచేరీ అయ్యాక బ్రౌన్ తన బ్యాండ్ శాక్సఫోన్ వాద్యకారుడు పీ వీ ఎల్లిస్‌ని పిలిచి నోటితో ఏదో మూలిగాడట. ఎల్లిస్ బస్సులో కూర్చుని దాన్ని పాటగా రాశాడు. ఆ మూలుగు లేకపోతే పాటే లేదు, ఎల్లిస్ లేకపోతే అది మూలుగుగానే పోయేది. ఎల్లిస్‌కి రచయితగా పేరు పడింది, ఎందుకంటే బాణీ కాగితం మీదికెక్కుతుంది. దరువుకి మాత్రం ఎప్పుడూ చివరి బంతే. కచేరీల్లో మా సంగతీ అంతేలెండి.

రికార్డుపెట్టె:
బ్రౌన్ కఠినుడే, ఒప్పుకుంటా. స్వరం తప్పినా, బూట్లు మెరవకపోయినా జరిమానా. డాన్సు ఆపకుండానే వేళ్ళు చూపించి జరిమానా ఎంతో చెప్పేసేవాడు! ఆ పట్టు లేకపోతే ఆ బిగువు వచ్చేదా? 1962లో రికార్డు కంపెనీ ఒప్పుకోకపోతే సొంత డబ్బు పెట్టి న్యూయార్క్ అపోలో థియేటర్‌లో తన కచేరీ రికార్డు చేయించిన మొండివాడు.

తాళంచెవి:
జరిమానాలు సరే. క్లైడ్‌కి క్యాన్సర్ వస్తే ఆస్పత్రి బిల్లులు కట్టింది పాప్ గాయకుడు ప్రిన్స్. అదీ ప్రిన్స్ పోయాకే బయటికొచ్చింది.

రికార్డుపెట్టె:
డ్రమ్మర్‌కి కాస్త ఇవ్వండని మైకులో అరిచింది బ్రౌనే కదండీ.

తాళంచెవి:
అరిచాడు. ఇచ్చాడా?