బంగాళాఖాతంలో సరిహద్దు గీత: ఒకే సముద్రానికి రెండు న్యాయస్థానాలు ఎందుకు?

ప్రశ్న:
భారత, బంగ్లాదేశ్‌ల సముద్ర సరిహద్దు తగాదా 2014లో ది హేగ్‌లో తేలిందని చదివి, అది అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పే అనుకున్నాను. కానీ బంగ్లాదేశ్ అదే కాలంలో మయన్మార్‌పై వేసిన కేసు జర్మనీలోని హాంబర్గ్‌లో నడిచిందట. ఒకే సముద్రం, ఒకే ఫిర్యాదీ అయినప్పుడు రెండు చోట్ల విచారణ ఎందుకు జరిగింది? అసలు నీటి మీద గీత ఎలా గీస్తారు?

మొదటి జవాబు:
అది అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు కాదు. 1982 నాటి సముద్ర న్యాయ ఒప్పందంలోని 287వ అధికరణం సభ్యదేశాలకు కొన్ని వేదికలను చూపి, నచ్చినదాన్ని ఎంచుకోమంటుంది. ఇరుపక్షాల ఎంపిక కలవకపోతే, తగాదా ఏడో అనుబంధం కింద ఆ కేసు కోసమే నియమించే అయిదుగురు సభ్యుల మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్‌కు వెళుతుంది. బంగ్లాదేశ్ 2009 అక్టోబరు 8న రెండు పొరుగుదేశాలపైనా ఈ దారిలోనే కేసులు వేసింది. తర్వాత మయన్మార్, బంగ్లాదేశ్ రెండూ ఒప్పుకోవడంతో ఒక కేసు హాంబర్గ్‌లోని సముద్ర న్యాయ ట్రిబ్యునల్‌కు మారి, 2012 మార్చి 14న ముగిసింది. భారత్‌పై వేసినది మొదటి దారిలోనే సాగింది. ది హేగ్‌లోని శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానం దానికి కార్యాలయ బాధ్యతలు మాత్రమే చూసింది. పత్రికలు దీన్నీ అంతర్జాతీయ న్యాయస్థానాన్నీ తరచూ కలిపేస్తాయి కాబట్టి మీ పొరపాటు సహజమే.

రెండో జవాబు:
గీత సంగతి నేను చెబుతాను. ముందు రెండు తీరాలకూ సమదూరంలో ఉండే తాత్కాలిక రేఖను గీస్తారు; దాన్ని జరపవలసిన ప్రత్యేక కారణాలున్నాయా అని చూస్తారు; చివరికి ఎవరి వాటా మరీ అన్యాయంగా ఉందా అని సరిచూస్తారు. కాగితం మీద గిన్నెలా లోపలికి వంగిన తీరాన్ని గీసి, మూడు దేశాలకు పంచి, సమదూర రేఖలు లాగి చూడండి: అవి సముద్రంలోకి పోయేకొద్దీ దగ్గరై, నడుమనున్న దేశానికి ముక్కోణపు ముక్క ఒక్కటే మిగులుతుంది. బంగ్లాదేశ్ మొర అదే. 1969లో ఉత్తర సముద్రం కేసులో డెన్మార్క్, నెదర్లాండ్స్ నడుమ ఇరుక్కున్న జర్మనీ వాదన కూడా ఇదే. బంగ్లాదేశ్ సరిగ్గా దక్షిణానికి, అంటే 180 డిగ్రీల దిశలో, గీత కావాలని అడిగింది. 2014 జూలై 7న ట్రిబ్యునల్ పూర్తిగా ఒప్పుకోకుండా, తీరానికి దూరంగా గీతను 177 డిగ్రీల 30 నిమిషాల దిశకు జరిపింది. ఈ సర్దుబాటుపై సభ్యుల్లో ఒకరైన పెమ్మరాజు శ్రీనివాసరావు గారు మిగతా నలుగురితో విభేదించారు. నా మట్టుకు నాకు, తీరం వంపును లెక్కలోకి తీసుకోవడం సబబుగానే తోస్తుంది. ఎంత జరపాలనేదానికి మాత్రం ఒప్పించే కొలత ఏదీ తీర్పులో కనబడదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. తీర్పులో ఒక 'బూడిదరంగు ప్రాంతం' మాట ఉందని విన్నాను. అదేమిటి?

మొదటి జవాబు రాసినవారు:
గీతను జరపడం వల్ల పుట్టిన చిక్కు అది. ఒప్పందం ప్రకారం నీటిలోని చేపల మీద హక్కు తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల వరకే ఉంటుంది; సముద్రపు అడుగు మీద హక్కు అంతకు మించి కూడా ఉండవచ్చు. ఈ ప్రాంతం గీతకు బంగ్లాదేశ్ వైపున ఉన్నా, ఆ దేశ తీరానికి 200 మైళ్లు దాటి ఉంది. భారత తీరానికి మాత్రం 200 మైళ్ల లోపే ఉంది. అందువల్ల అక్కడ సముద్రపు అడుగు మీద హక్కు బంగ్లాదేశ్‌ది, పైనున్న నీటిలోని చేపల మీద హక్కు భారత్‌ది. అడుగున గ్యాస్ కోసం బావి తవ్వాలంటే ఆ నీటిలోంచే గొట్టం దింపాలి కదా! అలాంటి చోట ఒకరి హక్కులను మరొకరు గౌరవిస్తూ, అవసరమైన ఏర్పాట్లు తామే చేసుకోవాలని చెప్పి ట్రిబ్యునల్ ఆ భారాన్ని రెండు ప్రభుత్వాలకే వదిలిపెట్టింది.